లాగ్‌లో కనిపించిన ఆ ప్లస్ గుర్తు

చిట్టితల్లీ,

నీ ఆబ్జెక్టివ్-సి ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయిందని రాత్రి నువ్వు పంపిన క్రాష్ లాగ్ చూశాను. "నిల్వ అనే మెథడ్ రాశాను కదా నాన్నా, లేదంటుందేమిటి?" అని రాశావు. మెథడ్ ఉందమ్మా. నువ్వు అడిగిన చోట లేదు, అంతే. ఆ లాగ్‌లో చదరపు బ్రాకెట్‌కు ముందు చిన్న ప్లస్ గుర్తు ఉంది, చూడు. నీ ఫైల్లో మాత్రం అదే మెథడ్ ముందు మైనస్ పెట్టుకున్నావు.

మైనస్ ఉంటే ఇన్‌స్టెన్స్ మెథడ్, అంటే క్లాసు అనే నమూనాతో చేసిన ఒక్కో ఆబ్జెక్టును అడిగేది. ప్లస్ ఉంటే క్లాస్ మెథడ్, అంటే ఆ క్లాసునే అడిగేది. ఈ మాట నువ్వు ఇదివరకే చదివి ఉంటావు. దాన్ని బట్టీ పట్టడం కన్నా, మెసేజ్ ఎవరికి పంపుతున్నావో ప్రతిసారీ చూసుకోవడం మేలు. ఆబ్జెక్టివ్-సిలో మెథడ్‌ని పిలవడమంటే మెసేజ్ పంపడమే. 1980ల మొదట్లో బ్రాడ్ కాక్స్, టామ్ లవ్ ఈ భాషను తయారుచేసినప్పుడు ఆ పద్ధతిని స్మాల్‌టాక్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష నుంచి తెచ్చుకున్నారు. బ్రాకెట్‌లో ఎడమవైపు ఉన్నది మెసేజ్ అందుకునేది, కుడివైపున ఉన్నది మెసేజ్.

నీ ఖాతా క్లాసునే తీసుకో. నిల్వ ఎంత అని క్లాసును అడిగావు. ఎవరి ఖాతాలో నిల్వ? ఆ క్లాసుతో వంద ఖాతాలు చేసినా, ప్రతి దాని నిల్వా దాని దగ్గరే ఉంటుంది. క్లాసు దగ్గర ఒక్కటీ ఉండదు. అందుకే క్లాస్ మెథడ్‌లో నిల్వ లాంటి ఇన్‌స్టెన్స్ వేరియబుల్‌ని ముట్టుకుంటే, నడవకముందే కోడ్‌ని చూసే కంపైలర్ ఒప్పుకోదు. మరి నీ తప్పును అదే కంపైలర్ ఎందుకు పట్టుకోలేదంటే, నువ్వు ఏ ఆబ్జెక్టునైనా పట్టే ఐడీ రకం వేరియబుల్లో ఖాతా బదులు ఖాతా క్లాసునే పెట్టావు. ఈ భాషలో క్లాసు కూడా ఒక ఆబ్జెక్టే కాబట్టి ఐడీలో హాయిగా ఇమిడిపోతుంది. కంపైలర్ నీ మాట నమ్మి వదిలేసింది, నడిచేటప్పుడు పడిపోయింది.

క్లాసును అడగాల్సినవి వేరే ఉంటాయి. ఇంకా ఆబ్జెక్టే పుట్టనప్పుడు దాన్ని పుట్టించమని ఎవరిని అడుగుతావు? క్లాసునే. అందుకే ఆ పుట్టించే అలాక్ అనేది ప్లస్ మెథడ్. అది ఇచ్చిన కొత్త ఆబ్జెక్టుకు, సిద్ధం కమ్మని పంపేది ఇనిట్, అది మైనస్ మెథడ్. రోజూ రాసే ఆ ఒక్క లైన్లోనే రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఈ పొందిక నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఇంకొక్కటి, ఇది నా సొంత అనుభవం. ఖాతాను తయారుచేసి ఇచ్చే ఒక క్లాస్ మెథడ్ రాస్తూ, లోపల అలాక్ ముందు క్లాసు పేరే రాసేశాను. తర్వాత ఆ ఖాతా క్లాసు నుంచే పొదుపు ఖాతా అని సబ్‌క్లాస్ చేసి, దాన్ని అదే మెథడ్‌తో అడిగితే మామూలు ఖాతా వచ్చేది. వడ్డీ లెక్క మెథడ్ దానికి తెలియదు, క్రాష్. రెండు రోజులు వెతికాను తల్లీ, ఆ లైను మాత్రం చూడలేదు. అక్కడ పేరు బదులు సెల్ఫ్ రాయాలి. క్లాస్ మెథడ్‌లో సెల్ఫ్ అంటే మెసేజ్ అందుకున్న క్లాసు. పొదుపు ఖాతాను అడిగితే పొదుపు ఖాతాయే. రిటర్న్ రకం ఇన్‌స్టెన్స్‌టైప్ అని పెడితే కంపైలర్‌కి కూడా అది తెలుస్తుంది.

ఇప్పుడు ఆ వేరియబుల్‌కి అలాక్, ఇనిట్‌లతో నిజమైన ఖాతాను ఇవ్వు. తర్వాత ఒక ప్లస్ మెథడ్‌లోనూ, ఒక మైనస్ మెథడ్‌లోనూ సెల్ఫ్‌ని ఎన్ఎస్‌లాగ్‌తో ప్రింట్ చేయి. ఒకచోట ఉత్త క్లాసు పేరు వస్తుంది, రెండోచోట పేరుతో పాటు మెమరీ అడ్రస్ వస్తుంది. రెండు ఖాతాలు చేసి చూడు, ఏది మారుతుందో ఏది మారదో రాత్రికి ఫోన్‌లో చెబుదువుగాని.

ప్రేమతో,
నాన్న