లారీ ట్యూబు మీద చేపల వేట: ట్యూబు కట్టే తీరు మారాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. కడప జిల్లాలో మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్, అనంతపురం వైపు పీఏబీఆర్ (పెన్నా అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్), కర్నూలు వైపు గాజులదిన్నె, సుంకేసుల. ఈ జలాశయాల నీళ్ళలో చేపలు పట్టి బతికేవాళ్ళలో పుట్టి కొనే స్తోమత లేనివాళ్ళు గాలి నింపిన లారీ ట్యూబు మీదే లోపలికి పోతారు. ట్యూబు మీద వేట మానుకోమని చెప్పడం సులువు. మానితే ఆ పూట పొయ్యి వెలగదు కాబట్టి ఎవరూ మానరు. అందుకే మాట్లాడవలసింది ట్యూబును కట్టే తీరు గురించి. పంక్చర్ షాపులో, నవారు అమ్మే కొట్లో, ఫర్నిచర్ దుకాణం వెనక దొరికే సామాన్లతోనే దాన్ని చాలావరకు ప్రాణం కాపాడే సాధనంగా మార్చుకోవచ్చు.

తేలే బలానికి ట్యూబులో కొదవ లేదు. 10.00-20 సైజు లారీ ట్యూబులో నిండా గాలి పడితే నూరు లీటర్లకు పైనే పడుతుంది. లీటరుకు కిలో లెక్కన మనిషినీ, తడి వలనూ, ఆ పూట పడిన చేపలనూ మోస్తుంది. ట్రాక్టరు వెనక చక్రానిదైతే రెండు వందల లీటర్ల పైమాటే. లోపమంతా ఆ గాలి ఒకే గదిలో ఉండటం. ఒక్కచోట చిల్లు పడితే మొత్తం పోతుంది.

చిల్లు పడటానికి మన నీళ్ళలో ఉన్నన్ని కారణాలు మరోచోట ఉండవేమో. నీళ్ళు తగ్గిన మేర గట్టంతా కంపచెట్లు మొలుస్తాయి. మళ్ళీ నీళ్ళు పెరిగితే అవి మునిగి, ముళ్ళు మాత్రం అలాగే నిలబడి ఉంటాయి. గండికోట వెనక నీళ్ళలో తాళ్ళప్రొద్దుటూరు, కొండాపురం లాంటి ముంపు ఊళ్ళ మొండిగోడలు, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు ఉంటాయి. పైనుంచి చూస్తే నీళ్ళు తేటగా, ప్రశాంతంగానే కనిపిస్తాయి.

కాబట్టి మొట్టమొదటి మార్పు, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది, చిల్లు పడినా తేలేది ఒకటి ట్యూబుకు జత చేయడం. సామాన్ల ప్యాకింగులో వాడే తెల్లటి మెత్తటి ఈపీఈ ఫోమ్ షీటు 25 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతుంది. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ముక్క తీసుకుంటే అది 15 లీటర్లు. అంటే ట్యూబు పూర్తిగా చప్పబడినా దాదాపు 15 కిలోల ఎత్తుబలం మిగులుతుంది. నీళ్ళలో ఉన్న మనిషి తల పైకి తేలి ఉండటానికి అది చాలు. షీటు మాత్రం అర కిలో బరువు కూడా ఉండదు. దాన్ని 20 సెంటీమీటర్ల వెడల్పున మూడు పట్టీలుగా కోసి, ఒకదాని కొన ఒకదానికి ఆనించి ట్యూబు బయటి అంచు చుట్టూ చుట్టాలి. లారీ ట్యూబు చుట్టుకొలత మూడు మీటర్ల పైన కాస్త ఉంటుంది కాబట్టి మూడు పట్టీలకు దాదాపు సరిపోతుంది. మిగిలే చిన్న సందును వెనక వైపు వదలాలి. ఇక కంపముల్లు ట్యూబును తాకాలంటే ముందు ఈ ఫోమ్ దాటాలి.

ఫోమ్ బదులు థర్మాకోల్ వాడొద్దు. అది పూసపూసగా రాలిపోతుంది, రాలిన పూసలు చేపల కడుపులోకి పోతాయి, పెట్రోలు తగిలితే కరుగుతుంది. ఫోమ్ దొరకకపోతే మూత గట్టిగా బిగించిన ఐదు లీటర్ల నూనె క్యాన్లు నాలుగు కట్టుకోవచ్చు. వాటిని గోనెసంచిలో పెట్టి కుట్టాలి, లేకపోతే క్యాను పిడికి వల తగులుకుంటుంది.

చేయగలిగినవాళ్ళు రెండో గాలి గదిగా ట్రాక్టరు ముందు చక్రం ట్యూబు, 6.00-16 సైజుది, వీపు వెనక నిలువుగా కట్టుకోవాలి. అందులో 30 లీటర్లకు పైగా గాలి ఉంటుంది. ఆనుకోవడానికి దిండులా పనికొస్తుంది. పెద్ద ట్యూబు పోయినప్పుడు పట్టుకుని గట్టు చేరడానికీ అదే.

ట్యూబు ఎంపికలో పిసినారితనం వద్దు. పాత ప్యాచీలు ఉన్నది, మడతల దగ్గర సన్నటి పగుళ్ళు పడినది తీసుకోకూడదు. వాల్వు మొదట్లో ప్యాచీ ఉంటే అది ఎంత బాగా వేసినదైనా నమ్మవద్దు. బ్యూటైల్ రబ్బరు ట్యూబు గాలిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. కొత్తదైనా సరే గాలి నింపి, సబ్బు నీళ్ళు పూసి చూసి, నీడలో రాత్రంతా ఉంచాలి. సాయంత్రం దాని మందం చుట్టూ ఒక పురికొస బిగుతుగా కట్టి ఉంచితే, తెల్లారి అది వదులైందో లేదో వేలితోనే తెలుస్తుంది. రాత్రి చల్లదనానికి కాస్త వదులవడం మామూలే. పురికొస జారిపడేంత వదులైతే ఎక్కడో పోతున్నట్టే.

గాలి ఎంత నింపాలన్నది చాలామంది పట్టించుకోని సంగతి. టైరు లోపల ఉన్నప్పుడు ఒత్తిడిని మోసేది టైరు. బయట ఉన్నప్పుడు రబ్బరొక్కటే మోయాలి, ఎక్కువ నింపితే బలహీనమైన చోట బుగ్గలా ఉబ్బుతుంది. మడతలు పోయి, బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లోపలికి పోయేంత ఉంటే చాలు. 45 డిగ్రీల ఎండలో నింపిన గాలి 27 డిగ్రీల నీళ్ళలో పడగానే ఐదారు శాతం కుంచించుకుంటుంది. అది చూసి కంగారుపడి గట్టున మళ్ళీ నిండా కొట్టించి బండరాయి మీద ఎండలో వదిలేస్తే మధ్యాహ్నానికి ప్యాచీ లేస్తుంది. నీళ్ళలోంచి తీసిన ట్యూబును నీడలో పెట్టాలి, లేదా కొంత గాలి వదలాలి.

ఫోమ్ మీద లారీ తార్పాలిన్ పట్టీలు చుట్టాలి. ఫ్లెక్సీ ముక్కలు తేలిగ్గా దొరుకుతాయి గానీ కోసిన అంచు నుంచి చిరిగిపోతాయి. పైన కట్టడానికి సన్నటి నైలాన్ తాడు వాడొద్దు, ట్యూబు ఉబ్బి తగ్గేటప్పుడల్లా అది రబ్బరును ఒరుస్తుంది. రెండంగుళాల నైలాన్ నవారు మేలు, నూలు నవారు తడికి కుళ్ళుతుంది. ముప్పావు వంతు గాలి ఉన్నప్పుడే ఎనిమిది చోట్ల నవారు బిగించి, ఆ తర్వాత మిగతా గాలి నింపితే కట్లు వాటంతట అవే బిగుస్తాయి. వాల్వు వెనక వైపు ఉండేలా చూసుకుని, మూత పెట్టి, సైకిల్ ట్యూబు ముక్క తొడగాలి. ఆ ఇత్తడి వాల్వు నడుముకు గుచ్చుకోవడం ఒక బాధైతే, దానికి వల తగులుకోవడం ప్రమాదం.

కూర్చునే చోటు గురించి కచ్చితంగా చెప్పాలి. ట్యూబు పైన పలక వేసుకుని ఎత్తుగా కూర్చుంటే బరువంతా పైకి పోతుంది, వల లాగడానికి ఒక పక్కకు వంగగానే తిరగబడుతుంది. సీటు నీటి మట్టానికి జానెడు కింద, ఉయ్యాలలా వేలాడాలి. ఐదు నవారు పట్టీలు పక్కపక్కన అల్లితే సరిపడా వెడల్పు వస్తుంది. వెనక నుంచి, రెండు పక్కల నుంచి వాటిని గట్టిగా కుట్టించాలి. ముందు వైపు కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఒక్కటే ఉండాలి, దానికి స్కూలు బ్యాగులకు ఉండే, నొక్కితే ఊడే ప్లాస్టిక్ బకిల్ పెట్టించాలి. బ్యాగులు కుట్టేవాళ్ళు చేసిస్తారు. నడుముకు తాడుతో ట్యూబుకు కట్టేసుకునే అలవాటు మాత్రం ఇవాళే మానాలి. ట్యూబు తిరగబడితే తల కింద, కాళ్ళు పైన అయి, తడిసి బిగిసిన ముడి విప్పడం ఎవరి వల్లా కాదు. బయటి దేశాల్లో గాలం వేటకు తయారుచేసే ట్యూబుల్లో ముందు భాగం తెరిచి ఉండే రకం వచ్చిందీ ఇందుకే, మనిషి త్వరగా బయటపడాలని. గుండ్రటి ట్యూబుకు ఆ వీలు లేదు కాబట్టి ఆ ఒక్క బకిల్ మీదే అంతా ఆధారపడి ఉంది. గట్టు దగ్గర, నడుము లోతు నీళ్ళలో, పక్కన మరో మనిషి ఉండగా కళ్ళు మూసుకుని దాన్ని ఊడదీయడం అలవాటు చేసుకోవాలి.

వల కాళ్ళకు చుట్టుకోవడం చిల్లు కన్నా పెద్ద గండం. సన్నటి నైలాన్ వల నీళ్ళలో కనపడదు. దాన్ని ఒళ్ళో కాకుండా ముందు కట్టిన ప్లాస్టిక్ టబ్బులో ఉంచి వదలాలి, ముందు వైపు నుంచే లాగాలి. లుంగీ వద్దు, నిక్కరు మేలు. ఒరలో చిన్న కత్తి ఛాతీ దగ్గర ఉండాలి. గాలం వేసేవాళ్ళు ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు ముక్కను కర్ర నిలబెట్టడానికి వాడుకోవచ్చు, దాని అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, ట్యూబును తాకకుండా నవారుకే కట్టాలి. లంగరు రాయి వేస్తే దాని తాడు ఒక్క లాగుతో ఊడే జారుముడితో ఉండాలి. పారే నీళ్ళలో లంగరే వేయకూడదు.

ఆషాఢం గాలికి ట్యూబు ఎదురీదలేదు. గాలి ఏ గట్టు మీదికి కొడుతుందో ఆ గట్టు నుంచే దిగాలి, అలసిపోయినా గాలే వెనక్కి తెస్తుంది. గేట్లు, తూముల దగ్గరికి ఎలాంటి ట్యూబుతోనూ పోకూడదు.

ఇన్ని చేసినా లైఫ్ జాకెట్ తీసేయడానికి వీల్లేదు. 100 న్యూటన్ల జాకెట్ అంటే పది కిలోల ఎత్తుబలం, అదీ ఒంటి మీదే. 2020లో మొదలైన ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన కింద సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు ఇచ్చే వీలుంది, ప్రమాదంలో చనిపోతే ఐదు లక్షల బీమా ఉంది. మత్స్యశాఖ అధికారులను కోరేది ఒక్కటే: వల ఇచ్చేటప్పుడు దాంతోపాటు ఒక జాకెట్, ఒక ఫోమ్ షీటు ఇవ్వండి. సహకార సంఘాల సమావేశాల్లో ఒక ట్యూబు కట్టి చూపించండి, అందుకు ఒక పూట చాలు.

మీ పత్రిక జిల్లా పేజీలో ఈ కొలతలను బొమ్మతో సహా వేస్తే పంక్చర్ షాపుల గోడల మీద అంటించుకుంటారు. వానలు పడి జలాశయాల్లోకి నీళ్ళు చేరకముందే వేయగలిగితే మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జమ్మలమడుగు, కడప జిల్లా