విమాన ప్రయాణం: భాగహారంతో తేలే లెక్క కాదు

సంపాదకులకు,

దూర నగరాల మధ్య విమాన ప్రయాణంపై పత్రికల్లో వేసే పట్టికల్లో ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. దూరాన్ని విమాన వేగంగా అనుకునే గంటకు 900 కి.మీ.తో భాగించడం, వచ్చిన అంకెను ప్రయాణ సమయంగా వేసేయడం. పోవడానికీ రావడానికీ అదే అంకె!

లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి సుమారు 5,540 కి.మీ. 900తో భాగిస్తే 6 గంటల 9 నిమిషాలు. కానీ విమానం ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. ఆ గాలి వేగం గంటకు 100 కి.మీ. అనుకుంటే న్యూయార్క్ వెళ్లే విమానానికి దక్కేది 800, తిరిగొచ్చేదానికి 1,000. అంటే పోవడానికి 6 గంటల 56 నిమిషాలు, రావడానికి 5 గంటల 32. పోయేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుందనుకుంటారు. కానీ రెండూ కూడితే 12 గంటల 28 నిమిషాలు, గాలే లేకుంటే 12 గంటల 19. ఎదురుగాలిలో గడిపే సేపు ఎక్కువ గనుక ఆ తేడా పూడదు. చలికాలంలో గాలి ఇంకా బలం. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల తోడుతో ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. అది వార్త, పట్టికలో వేయాల్సిన అంకె కాదు.

పైగా ఇదంతా గాలిలో గడిచే సమయమే. టికెట్ మీద ఉండేది గేటు నుంచి గేటుకు. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తగ్గే వేగం, వీటికి కనీసం అరగంట కలపాలి.

దూరం దగ్గరా జాగ్రత్త అవసరం. లండన్, కెనడాలోని కాల్గరీ రెండూ దాదాపు 51వ అక్షాంశం మీదే ఉన్నాయి. పటంలో ఆ గీత వెంటే నేరుగా పోతే సుమారు 7,900 కి.మీ. గ్లోబు మీద రెండింటి మధ్య దారం బిగించి చూడండి, అది పైకి జరిగి గ్రీన్‌లాండ్ మీదుగా పోతుంది. దూరం 7,000 దగ్గర తేలుతుంది. ఇక విమానయానంలో వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ., మామూలు మైలు 1.609. ఈ తేడా చూడకుండా మారిస్తే 3,000 నాటికల్ మైళ్ల దారిలో 700 కి.మీ.కు పైగా మాయమవుతుంది.

దారం చెప్పిన దారి ఎప్పుడూ తెరిచి ఉండదు కూడా. 2022లో యూరప్ విమానాలకు రష్యా గగనతలం మూతపడ్డాక హెల్సింకి నుంచి టోక్యోకు 9 గంటలుండే ప్రయాణం 13 గంటల దాకా పెరిగింది. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కాబట్టి పట్టికలో పోయే సమయం, వచ్చే సమయం వేర్వేరుగా వేయండి. అది గాలిలో సమయమో, గేటు నుంచి గేటుకో చెప్పండి. బయల్దేరే, చేరే వేళల మధ్య తేడా తీసి గంటలు లెక్కగట్టకండి, ఏ ఊరి వేళ ఆ ఊరిదే: చలికాలంలో టోక్యోలో సాయంత్రం 5కి బయల్దేరి 10 గంటలు ఎగిరిన విమానం లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు ఉదయం 10కి దిగుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు