పట్టీలో ముందు ఎవరి వాటా పోతుందో చూడు

చిరంజీవి చిన్నబాబుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, నాయనమ్మా, నేనూ క్షేమం. అమ్మకి మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. నాయనమ్మకి నీ పెళ్ళి మాట ఎత్తనిదే పొద్దు గడవడం లేదు.

మొన్న ఫోన్లో ఉద్యోగం మానేసి పూర్తిగా ట్రేడింగే చేసుకుంటానన్నావు. నేను కాదనలేదు, సరేననీ అనలేదు. ఇలాంటివి ఫోన్లో తెగవు. నేను అప్పు అంటాను, నువ్వు చార్టు అంటావు, మధ్యలో అమ్మ ఫోను లాక్కుంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇందులో ట్రేడింగ్ మీద రాసిన అంకెలు షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ బయటపెట్టినవే. నా మాట మీద నమ్మకు, నువ్వే తీసి సరిచూసుకో.

త్వరగా పైకి రావాలన్న నీ ఆశని నేను తప్పు పట్టను. నీతో చదివినవాళ్ళలో ఒకడు డాలస్‌లో ఉన్నాడు, ఇంకొకడు కొండాపూర్‌లో ఫ్లాటుకి అడ్వాన్సు కట్టాడు. నీ జీతంలో అద్దె, హాస్టల్ నాటి చదువు అప్పు పోను మిగిలేదెంతో నాకు తెలుసు. ఎవరైనా కంగారు పడతారు. షేర్లు కొనడం పాపమనీ అనను. మంచి కంపెనీ షేరు కొని ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచుకునేవాళ్ళు మన బజార్లోనూ ఉన్నారు. నువ్వు చేస్తున్నది అది కాదు గదా. మంగళవారం నిఫ్టీ, గురువారం సెన్సెక్స్ సూచీల మీద, వారం తిరిగేసరికి గడువు తీరిపోయే ఆప్షన్లు, అంటే సూచీ ఎటు పోతుందన్నదాని మీద కట్టే పందేలు. ఆ రెండు రోజులూ నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా, "తర్వాత చేస్తా నాన్నా" అంటావు. ఆ గొంతుని బట్టే ఆ రోజు పోయిందో వచ్చిందో నాకు తెలిసిపోతుంది.

మిర్చి యార్డులో కమీషను షాపు గుమస్తాగా నా పని నువ్వు చిన్నప్పటి నుంచీ చూసిందే. రైతు సరుకు కాటా అయ్యాక పట్టీ రాసిచ్చేది నేనే. పైన బస్తాలు, తూకం, రేటు వేస్తాను. కింద కోతలు వేస్తాను: కమీషను, హమాలీ, ముందు తీసుకున్న డబ్బుకి వడ్డీ. అవన్నీ పోయాక అట్టడుగున మిగిలేది రైతుది. క్వింటా రేటు 20,000 పలికిన ఏడాదీ నేను ఆ కోతలు రాశాను, 10,000కి పడిపోయిన ఏడాదీ రాశాను. రేటు మారింది గాని కోత రాయకుండా పట్టీ ఇచ్చిన రోజు ఒక్కటీ లేదు.

2025లో ఏం జరిగిందో గుర్తుందా? అంతకు ముందు క్వింటా 20,000 దాటి అమ్ముడైన మిర్చి ఆ ఫిబ్రవరికి దాదాపు సగానికి దిగింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు ధర ప్రకటించాల్సి వచ్చింది. రైతు సంగతి వేరు, పండించాడు కాబట్టి అమ్మక తప్పదు. నేను చెప్పేది పండించకుండా, రేటు పెరుగుతుందన్న ఆశ ఒక్కదాని మీద మిర్చి కాయ కొని ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టినవాళ్ళ గురించి. వాళ్ళలో చదువుకున్నవాళ్ళున్నారు, మార్కెట్ తెలిసినవాళ్ళున్నారు. అంతకు ముందు రేటు పెరిగిన ఏడాది ఇల్లు కట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ ఇల్లు చూసే మరుసటి ఏడాది ఇంకాస్త అప్పు తెచ్చారు. ఇక్కడ నెల నెలా వడ్డీ, అక్కడ కోల్డ్ స్టోరేజీ అద్దె, లోపల కాయ రంగు దిగిపోవడం. రేటు పడ్డా అద్దె పడలేదు. హమాలీకి కూలి ఆగలేదు. మా షాపుకి కమీషను ఆగలేదు. నా జీతమూ ఆగలేదు. ఆ బజారంతా ఎవరి డబ్బుతో నడిచిందో పట్టీలు రాసిన నాకు తెలుసు.

అందుకే నీ ట్రేడింగ్ గురించి ఆలోచించినప్పుడు నిఫ్టీ పెరుగుతుందా తగ్గుతుందా అన్నది నాకు తట్టలేదు. పట్టీలో ఎవరి వాటా ముందు పోతుందన్నదే తట్టింది.

రోజూ సాయంత్రం నీ మెయిల్‌కి వచ్చే కాంట్రాక్ట్ నోటు తెరిచి చూడు. అదీ పట్టీయే. బ్రోకరేజీ, ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను, ఎక్స్ఛేంజీ చార్జీలు, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ. నువ్వు గెలిచినా కడతావు, ఓడినా కడతావు. 2021–22 నుంచి 2023–24 దాకా మూడేళ్ళలో మామూలు జనం ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్లూ నువ్వాడే ఆప్షన్లూ కలిపి, ఈ ఖర్చుల కింద కట్టింది దాదాపు 50,000 కోట్లని సెబీ 2024 సెప్టెంబరులో చెప్పింది. ఈ ఖర్చులు కూడా కలుపుకుంటే ఆ మూడేళ్ళలో జనానికి వచ్చిన నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఆడినవాళ్ళు కోటి మందికి పైనే. వాళ్ళలో 100కి 93 మంది పోగొట్టుకున్నారు. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి మిగుల్చుకున్నది 100లో ఒక్కడు. మరుసటి ఏడాది, అంటే 2024–25లో, మధ్యలో సెబీ నిబంధనలు బిగించినా 91 శాతం మందికి నష్టమే. ఆ ఒక్క ఏడాది పోయింది లక్ష కోట్లకు పైన.

మరి అంత డబ్బు ఎటు పోయింది? ఇది నువ్వు నిదానంగా చదవాలి. 2023–24లో, ఖర్చులు కలపకముందే, మామూలు జనమూ ఇతరులూ కలిసి 61,000 కోట్లు పోగొట్టుకున్నారు. అదే ఏడాది సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలకి 33,000 కోట్లు, విదేశీ మదుపు సంస్థలకి 28,000 కోట్లు లాభం. కూడి చూడు. ఆ లాభాల్లో 96, 97 శాతం కంప్యూటర్ ప్రోగ్రాములు వాటంతట అవి కొని అమ్మితే వచ్చినవే. నువ్వు మాదాపూర్‌లో గదిలో కూర్చుని, ఆఫీసు మీటింగు మధ్యలో, ఫోన్ మీద వేలితో నొక్కుతున్నావు. అవతల ఉన్నది ఆ యంత్రాలు, వాటి వెనక లెక్కల్లో పండిపోయినవాళ్ళ జట్లు. నీకు తెలివి తక్కువని నేననడం లేదు. నీ తెలివి నాకు తెలుసు, ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు వీధంతా నేనే చెప్పుకున్నాను. కానీ ఆ ఆట నీకోసం పెట్టింది కాదు.

ఆప్షన్ కొనేవాడికి ఇంకో చిక్కుంది. నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. మార్కెట్ ఎటు పోతుందో సరిగ్గా చెబితే చాలదు. ఎంత పోతుందో, ఎప్పటిలోగా పోతుందో కూడా సరిపోవాలి. నువ్వు 120 రూపాయలకి కొన్న కాల్, అంటే నిఫ్టీ పెరుగుతుందని కొన్న ఆప్షన్, నిఫ్టీ ఉన్నచోటే ఉన్నా రోజురోజుకీ తరిగిపోతుంది. మంగళవారం మూడున్నరకి నీ స్ట్రైక్, అంటే నువ్వు ఎంచుకున్న అంకె, అందకపోతే సున్నా. బుధవారం పొద్దున నిఫ్టీ ఎగిరినా నీకు దక్కేదేమీ లేదు. ఏసీలో కాయ ఎంత రంగు దిగినా చివరికి కాయంటూ మిగులుతుంది.

"ఆ పదో వాణ్ని నేనెందుకు కాకూడదు" అన్నావు. మొదటి నెల వచ్చిన లాభంతో అమ్మకి పట్టుచీర పంపావు. అమ్మ దాన్ని పక్కింటివాళ్ళందరికీ చూపించింది. ఆ తర్వాతి నెలల మాట నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. సెబీ లెక్కలో నన్ను బాగా కుదిపిన అంకె ఒకటుంది. వరసగా రెండేళ్ళు నష్టపోయినవాళ్ళలో నాలుగింట మూడొంతులకు పైగా మూడో ఏడాది కూడా ఆడారు. వాళ్ళంతా మూర్ఖులా? పోయింది వచ్చేదాకా ఆగలేకపోయారు, అంతే. 2023–24లో ఆడినవాళ్ళలో 43 శాతం మంది ముప్ఫై ఏళ్ళ లోపువాళ్ళు. ఏడాది ముందు వాళ్ళు 31 శాతమే. నీ ఈడువాళ్ళు, చాలామంది సంవత్సరానికి 5 లక్షల లోపు సంపాదన చూపినవాళ్ళు. ఆ డబ్బంతా ఎవరో ఒక తల్లీతండ్రీ ఎదురుచూసే జీతంలోదే.

నువ్వు ట్రేడింగ్ యాప్ తెరవగానే ఒక హెచ్చరిక వస్తుంది కదా, పదిమందిలో తొమ్మిదిమందికి నష్టమని. 2023 జులై నుంచి ప్రతి బ్రోకరూ దాన్ని చూపించాలని సెబీ ఆదేశం. రోజూ దాన్ని నొక్కేసి లోపలికి పోతున్నావు. రేపు పొద్దున ఒక్కసారి నొక్కకుండా ఆగి, పూర్తిగా చదువు.

ఇక ఆ నేర్పేవాళ్ళ సంగతి. నెలకింత కడితే కాల్స్, అంటే ఏది కొనాలో ఏది అమ్మాలో సలహాలు, ఇస్తారన్న టెలిగ్రామ్ గ్రూపు గురించి నువ్వే చెప్పావు. 'బాప్ ఆఫ్ చార్ట్' పేరుతో పాఠాలు చెప్పినాయన మీద 2023 అక్టోబరులో సెబీ ఇచ్చిన ఉత్తర్వు చదివావా? కోర్సుల పేరుతో వసూలైన 17 కోట్లకు పైగా డబ్బు జప్తు చేయమంది. అదే ఉత్తర్వులో ఆయన సొంత ట్రేడింగ్ లెక్క కూడా ఉంది. రెండున్నరేళ్ళలో దాదాపు 2.9 కోట్ల నష్టం. ఆయనకి ఆదాయం మార్కెట్ నుంచి రాలేదు, ఫీజు కట్టిన పిల్లల నుంచి వచ్చింది. నీ గ్రూపు ఆయనకి సెబీ రిజిస్ట్రేషన్ నంబరుందా అడుగు. ఉందంటే సెబీ వెబ్‌సైట్లో వెతికి చూడు. లాభాల స్క్రీన్‌షాట్లు పెడతాడు గదా, ఒక ఏడాది పూర్తి లెక్క, పన్ను రిటర్నుతో సహా చూపించమను. చూపించేవాణ్ని నేనింతవరకూ వినలేదు.

నా మాటగా నీకు మూడు పనులు చెప్తాను, మొదటిది చేస్తే మిగతావి నీకే తోస్తాయి. బ్రోకర్ దగ్గర మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా లాభనష్టాల స్టేట్‌మెంటు తీసి, ఖర్చులు పోను ఎంతయిందో ఒక కాగితం మీద రాయి. గుర్తున్న మంచి రోజులు కాదు, మొత్తం. ఎక్సెల్‌లో వద్దు, చేత్తో రాయి. చేత్తో రాసిన అంకె తప్పించుకోనివ్వదు, ఇది నా వృత్తిలో నేను నమ్మే విషయం.

రెండోది, ఉద్యోగం మానకు. జీతం వస్తున్నప్పుడే ఈ నష్టం తట్టుకోలేనిదైతే, జీతం ఆగాక ఇంటి అద్దె కూడా మంగళవారం మూడున్నర మీద ఆధారపడుతుంది. ఆ భయంతో వేసే ట్రేడు ఇంకా పెద్దదవుతుంది.

మూడోది అప్పు. క్రెడిట్ కార్డు మీద గాని, ఫోన్ యాప్‌లో గాని, స్నేహితుల దగ్గర గాని తెచ్చి ఉంటే నాకు చెప్పు. ఎంతైనా సరే. కోప్పడను, అమ్మతో నేనే మాట్లాడతాను. అప్పు యాప్‌వాళ్ళు నీ ఫోన్లో ఉన్న నంబర్లకి కాల్ చేసి పరువు తీస్తామని బెదిరిస్తారు. అలా బెదిరిస్తే భయపడి ఇంకో యాప్‌లో తీసి ఇది తీర్చకు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్, నాకూ చెయ్. మన చుట్టాలకి తెలిస్తే తెలియనీ. పరువు సంగతి నేను చూసుకుంటాను. ఈ రాష్ట్రాల్లో ఇలాంటి అప్పులకి ప్రాణాలు తీసుకున్న పిల్లల గురించి పేపర్లో చదివినప్పుడల్లా నేను ముందు నీకే ఫోన్ చేశాను, ఊరికే చేశానని చెప్పాను. ఊరికే కాదు నాన్నా.

త్వరగా ఎదగాలంటే దారి లేదని నేననను. నీ ఆఫీసులో డేటా పని నేర్చుకుంటే జీతం పెరుగుతుందని నువ్వే ఒకసారి చెప్పి, తర్వాత ఆ కోర్సు మధ్యలో వదిలేశావు. రోజూ తొమ్మిదింపావు నుంచి మూడున్నర దాకా ఆ ఎర్ర, పచ్చ గీతల మీద పెడుతున్న చూపు ఆరు నెలలు దాని మీద పెట్టు. ఫీజు కావాలంటే పంపిస్తాను. దీనికి డబ్బివ్వడానికి నాకు చెయ్యి వెనకాడదు.

వచ్చే శనివారం యార్డుకి సెలవే. శుక్రవారం రాత్రి బస్సెక్కు. ఆ కాగితం, లాప్‌టాప్, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చుకో. ఇద్దరం మేడ మీద కూర్చుందాం. ఎంత పోయిందో తెలిశాక ఎలా పూడ్చాలో చూద్దాం.

ఇట్లు,
మీ నాన్న

తా.క.: నష్టమొచ్చింది కదా, పన్ను రిటర్ను ఎందుకులే అనుకోకు. ఎఫ్ అండ్ ఓని వ్యాపార ఆదాయం కింద లెక్కగడతారు, దానికి ఐటీఆర్-3 అనే రిటర్ను ఫారం వెయ్యాలి. గడువు లోపల వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ళ దాకా ముందుకి తీసుకుపోవచ్చు, జీతంలోంచి మాత్రం తగ్గించుకోలేవు. మా షాపు ఆడిటర్ గారితో మాట్లాడి ఉంచాను. కాగితాలు తెస్తే ఆదివారం పొద్దున చూస్తానన్నారు.