ఉప్పునీటి మీద మంచినీరు

రాటర్‌డ్యామ్

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

మీ బడి పిల్లలకు ద్రవాల సాంద్రత ఎలా చెప్పాలని అడిగావు. పరికరాలు లేవని వెనుకాడకు, కావలసినవన్నీ కిరాణా కొట్లో దొరుకుతాయి.

పొడవాటి గాజు గ్లాసులో చల్లార్చిన ముదురు బెల్లం పాకం పోయించు. దాని మీద నీళ్లు, ఆపైన నువ్వుల నూనె. నీళ్లను మాత్రం చెంచా మీదుగా మెల్లగా జారనివ్వాలి. పాకం నీళ్లలో కరిగేదే కనుక ధారగా పోస్తే రెండూ కలిసిపోతాయి. అప్పుడు ఒక ద్రాక్షపండు వేస్తే నూనెనూ నీళ్లనూ దాటి పాకం మీద ఆగుతుంది. ఎక్కడ ఆగుతుందో పిల్లలు ముందే కాగితం మీద రాయాలి. ఊహించకుండా చూసిన ప్రయోగం గారడీతో సమానం.

నూనె తేలిక కాబట్టి తేలిందని చెప్పి ఊరుకోకు. డబ్బాడు నూనె గ్లాసెడు నీళ్ల కంటే బరువే కదా! ఒకే గ్లాసుతో కొలిచి తూయించు. లీటరు మంచినీళ్లు సుమారు 1,000 గ్రాములు, నూనె 920, సముద్రపు నీళ్లు 1,025. ఒకే కొలతకు ఎంత బరువన్నదే సాంద్రత.

మంచినీళ్లలో మునిగిన తాజా కోడిగుడ్డు ఉప్పు కలిపేకొద్దీ పైకి లేస్తుంది. వరి విత్తనాలు ఏరడానికీ ఇదే పద్ధతి ఉంది. గుడ్డు తేలేంత ఉప్పునీళ్లలో విత్తనాలు పోస్తే తాలు తేలిపోతుంది, గట్టి గింజ అడుగున నిలుస్తుంది. ఆ గింజలను వెంటనే మంచినీళ్లతో కడగాలి, లేకపోతే మొలక దెబ్బతింటుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది చివరి ప్రయోగం. ఎర్ర మిఠాయి రంగు కలిపిన ఉప్పునీళ్ల మీద మంచినీళ్లు మెల్లగా పోయించు. రెండూ చాలాసేపు వేరుగానే ఉంటాయి. వరదల కాలంలో అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠ నీరు సముద్రం మీద పరుచుకునేది ఇలాగే. ఇక్కడ నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ రేవులోనూ సముద్రపు నీరు అడుగున లోపలికి చొచ్చుకొస్తుంటే నది నీరు పైనుంచి బయటికి పోతుంది. కోనసీమ తీరంలో నేల కింద కూడా అంతే, ఉప్పునీటి మీద మంచినీటి పొర. సూది లేని సిరంజితో ఆ గ్లాసు పైభాగం నుంచి నిదానంగా తోడితే మంచినీళ్లే వస్తాయి. లోతుకు దించి జోరుగా లాగితే ఎరుపు వస్తుంది. తీరంలో బోరు ఎందుకు ఉప్పెక్కుతుందో పిల్లలకు అప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

పిల్లలు రాసిన ఊహల కాగితాలు ఫొటో తీసి పంపు, తప్పు ఊహలు కూడా. అమ్మకూ నాన్నగారికీ నా నమస్కారాలు.

నీ అక్క