డయాటమ్‌లు చిన్నవై నశించిపోవు

సంపాదకులకు,

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఇటీవల డయాటమ్‌ల మీద వచ్చిన వ్యాసం ఆ సూక్ష్మ శైవలాల (కంటికి కనిపించని ఏకకణ నాచుల) కవచాన్ని సబ్బు పెట్టెతో పోల్చి, విభజన జరిగినప్పుడల్లా రెండు పిల్లకణాలూ తల్లికణం కంటే చిన్నవవుతాయనీ, అలా తగ్గితగ్గి చివరకు నశిస్తాయనీ చెప్పి ముగిసింది. పోలిక సరైనదే. దాని నుంచి రాబట్టిన ఆ రెండు మాటలూ సరికావు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలాకాలం వృక్షశాస్త్రం బోధించినవాడిగా, ఈ పొరపాటు పిల్లల నోట్సుల్లోకి ఎక్కకముందే రాయాలనిపించింది.

డయాటమ్ కణకవచం సిలికాతో రెండు ముక్కలుగా ఏర్పడుతుంది. పైముక్క ఎపిథీకా, దాని అంచు లోపల ఇమిడే కిందిముక్క హైపోథీకా. సబ్బు పెట్టెను ఈ తరం పిల్లలు చూశారో లేదో గాని, కుంకుమ భరిణె ఇంకా ఇళ్లలో ఉంది కనుక తరగతిలో నేను దాన్నే చూపేవాణ్ణి. లోపల కేంద్రకం, ద్రవంతో నిండిన పెద్ద రిక్తికలు, ఫ్యూకోజాంథిన్ అనే వర్ణకం వల్ల బంగారు గోధుమ రంగులో కనిపించే హరితరేణువులు, నూనె బిందువులు ఉంటాయి. కణం విభజన చెందేటప్పుడు ప్రతి పిల్లకణానికీ పాత కవచంలో ఒక ముక్క దక్కుతుంది, అది పైముక్క అయినా కిందిముక్క అయినా పిల్లకణానికి మూతే అవుతుంది. కొత్త అడుగుముక్క కణం లోపలే, పలుచని పొర చుట్టిన ఒక తిత్తిలో తయారవుతుంది కాబట్టి పాతదానికంటే కాస్త చిన్నదిగానే ఉండక తప్పదు. గట్టిపడిన సిలికా సాగదు.

అంటే, తల్లి మూత అందుకున్న పిల్లకణం తల్లి అంతే ఉంటుంది. తల్లి అడుగుముక్క అందుకున్నది మాత్రమే ఒక మెట్టు తగ్గుతుంది. ఒక కణం మూడుసార్లు విభజన చెంది ఎనిమిదైతే, వాటిలో ఒకటి మొదటి పరిమాణంలోనే, మూడు ఒక మెట్టు తక్కువగా, మూడు రెండు మెట్లు తక్కువగా, ఒకటి మూడు మెట్లు తక్కువగా ఉంటాయి. తగ్గేది జనాభా సగటు. ఈ సంగతిని మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ అనే ఇద్దరు 1869లోనే వేర్వేరుగా చెప్పారు. కవచపు నడికట్టు (రెండు ముక్కలూ కలిసే చోటి పట్టీ) కొంత సాగే జాతుల్లో ఈ తగ్గుదల కనిపించకపోవచ్చు కనుక, దీన్ని మినహాయింపులు లేని సూత్రంగా కూడా రాయకూడదు.

ఇక నశించడం మాట. చాలా జాతుల్లో కణం తన గరిష్ఠ పరిమాణంలో సుమారు 30–40 శాతానికి దిగాక లైంగిక ప్రత్యుత్పత్తికి సిద్ధమవుతుంది. ఆ స్థాయికి చేరడానికి ప్రకృతిలో ఏళ్లు పట్టవచ్చు. మామూలు డయాటమ్ ద్వయస్థితికం, అంటే క్రోమోజోములు జంటలుగా ఉండేది, కాబట్టి వాటి సంఖ్యను సగం చేసే క్షయకరణ విభజన సంయోగబీజాలు (కలయికలో పాల్గొనే లైంగిక కణాలు) ఏర్పడే దశలోనే జరుగుతుంది. గుండ్రని సెంట్రిక్ రకాల్లో పెద్ద స్త్రీబీజకణం, ఈదడానికి తోక లాంటి ఒకే కశాభం గల చిన్న పురుష బీజకణాలు ఏర్పడతాయి. పొడవాటి పెన్నేట్ రకాల్లో సాధారణంగా కశాభాలు ఉండవు, రెండు కణాలు పక్కపక్కకు చేరి తమ సంయోగబీజాలను కలుపుకుంటాయి. ఎవరు ఎవరిని ఎలా వెతుక్కుంటారన్నది నాకు ఎప్పుడూ ఆసక్తికరమైన ప్రశ్న: సెమినావిస్ రోబస్టా అనే జాతిలో ఒక రకం కణాలు ప్రోలిన్ అనే అమైనో ఆమ్లపు రెండు అణువులు కలిసిన పదార్థాన్ని నీటిలోకి వదిలి రెండో రకాన్ని ఆకర్షిస్తాయని 2013లో తేలింది.

ఇలా రెండు సంయోగబీజాలు కలిసి ఏర్పడిన సంయుక్తబీజం పాత కవచాన్ని వదిలేసి ఆక్సోస్పోర్‌గా మారుతుంది. దీనికి భరిణె లాంటి బిగువు గోడ ఉండదు. సేంద్రియ పొర, సిలికా పొలుసులు లేదా పట్టీలు మాత్రమే ఉంటాయి కనుక అది ఉబ్బి జాతి గరిష్ఠ పరిమాణానికి చేరి, లోపల కొత్త కవచం కట్టుకుంటుంది. విభజనల లెక్క అక్కడ మళ్లీ మొదలవుతుంది. ఈ అధ్యయనంలో మనవాళ్ల పాత్రా ఉంది. సైక్లోటెల్లా మెనెఘీనియానా అనే సెంట్రిక్ డయాటమ్‌లో క్షయకరణ విభజననూ, ఆక్సోస్పోర్ ఏర్పడే తీరునూ 1940లలో మద్రాసులో శైవల శాస్త్రవేత్తలు ఎం.ఓ.పి. అయ్యంగార్, ఆర్. సుబ్రహ్మణ్యన్ వర్ణించారు. ఒకే కణంలోని కేంద్రకాలు తిరిగి కలుస్తాయని వారు భావించగా, అదే జాతిలో పురుష బీజకణాలు తయారవుతాయని 1968లో వెల్లడైంది.

కోనేటి మెట్ల మీద, చెరువు రాళ్ల మీద జారుడుగా ఉండే గోధుమ రంగు పాకుడును కొద్దిగా గీకి కాలేజీ సూక్ష్మదర్శిని కింద పెడితే, చాలాసార్లు ఒకే జాతి డయాటమ్‌లు రకరకాల పొడవుల్లో కనిపిస్తాయి. కొత్తగా చూసేవారు వాటిని వేర్వేరు జాతులనుకోవడం సహజం. సవరణ ప్రచురించేటప్పుడు భరిణె బొమ్మ ఒక్కటే కాక, పెద్ద కణం, చిన్న కణం, ఆక్సోస్పోర్ మూడింటినీ ఒకే కొలతలో పక్కపక్కన చూపే బొమ్మ వేయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర ఉపన్యాసకుడు,
కాకినాడ