హాల్డెన్ నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారాలు.

నేనుండేది సరిహద్దు ఊరని తెలిసినప్పటి నుంచి అమ్మ టెన్షన్ పడుతోందని చెల్లి చెప్పింది. ఇక్కడ స్వీడన్ వెళ్ళడమంటే మనం ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్ళినట్టే. పాస్‌పోర్టు అడిగేవాళ్ళు మామూలుగా ఉండరు.

మా హాల్డెన్ నార్వేకి ఆగ్నేయ మూలన, ఓస్ట్‌ఫోల్డ్ జిల్లాలో ఉంది. 2020లో ఈ జిల్లాని పక్కవాటితో కలిపి వీకెన్ అన్నారు. జనానికి నచ్చలేదు, 2024లో మళ్ళీ విడదీశారు. ఊరి పక్కనే ఇడ్డె ఫియర్డ్ అనే సన్నటి సముద్రపు పాయ. ఇవతలి ఒడ్డు నార్వే, అవతలి ఒడ్డు స్వీడన్. ఆ అవతలి ప్రాంతం కూడా 1658 దాకా నార్వేదే. యుద్ధంలో ఓడి వదులుకున్నారు. అప్పటి నుంచి హాల్డెనే సరిహద్దు ఊరైంది, కొండ మీద ఫ్రెడ్రిక్‌స్టెన్ కోట లేచింది.

మీకు చరిత్ర ఇష్టం కాబట్టి ఇది చెప్పాలి. 1716లో స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ సైన్యంతో ఊళ్ళోకి వచ్చేశాడు. శత్రువుకి నీడ దొరక్కూడదని ఊరివాళ్ళే తమ ఇళ్ళకి నిప్పు పెట్టుకున్నారు! ఈ సంగతి నార్వే జాతీయ గీతంలో కూడా ఉంది. రాజు 1718లో మళ్ళీ వచ్చి కోటని ముట్టడించాడు. ఓ రాత్రి కందకంలో ఉండగా తలకి గుండు తగిలి చనిపోయాడు. ఆ గుండు కోట నుంచి వచ్చిందా, సొంతవాళ్ళే కాల్చారా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం కోటవాళ్ళ మీదే నమ్మకం. ఆ పోరులో అంత దగ్గరికి వచ్చినవాణ్ణి చంపడానికి కుట్రే కావాలా?

1814లో నార్వే స్వీడన్ రాజు కిందికే వెళ్ళింది. 1905లో యుద్ధం లేకుండానే విడిపోయింది. వందేళ్ళయ్యాక, 2005లో, స్వినెసుండ్ దగ్గర రెండు దేశాల్నీ కలిపే కొత్త వంతెన తెరిచారు.

ఇప్పుడు ఆ వంతెన మీద శనివారం వస్తే కార్ల బారులే. నార్వేలో ధరలు మండిపోతాయి కదా, మాంసం, సిగరెట్లు, చాక్లెట్ల కోసం జనం అటు పరుగెడతారు. మా చికెన్ కూడా స్వీడన్‌దే. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్ళు ఒక్కోసారి ఆపి డిక్కీ తెరిపిస్తారు. అంతకుమించి భయం లేదని అమ్మకి చెప్పండి.

వేసవిలో మీరిద్దరూ రండి. షెంగెన్ వీసా ఒక్కటే రెండు దేశాలకీ సరిపోతుంది. కోటకి ఎక్కుడు దారి, అమ్మని మోకాలి పట్టీ మర్చిపోవద్దనండి. చలికోటు కొనకండి, ఇక్కడ నా దగ్గరున్నాయి.

మీ
సుధాకర్