మిస్సింగ్ ఉన్న టర్బో పెట్రోల్ బండ్లు: వచ్చే నెల నుంచి మా పద్ధతి ఇలా ఉంటుంది

టర్బో పెట్రోల్ కార్లు మా గ్యారేజీకి తెచ్చే కస్టమర్లందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మిస్సింగ్ (సిలిండర్లో పెట్రోలు సరిగ్గా మండక ఇంజిన్ కొట్టుకోవడం) కంప్లైంటుతో వచ్చే బండికి లోపం వెతికిన ఛార్జీ వేరు, పార్టుల బిల్లు వేరు. వెతకడానికి 1,800 రూపాయలు, పైన జీఎస్‌టీ. అరగంటలో తేలినా అంతే, బండి రెండు రోజులు మా దగ్గరే ఉన్నా అంతే. స్కానర్ పెట్టి చూడ్డానికి ఇంతెందుకని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. ఆ డబ్బుకి ఏం చేస్తామో ఇక్కడ విడమరిచి రాస్తున్నాం.

స్కానర్ చెప్పేది నిజానికి చాలా తక్కువ. పీ0302 అనే కోడ్ వస్తే రెండో సిలిండర్ సరిగ్గా మండటం లేదని అర్థం, రెండో కాయిల్ (ప్లగ్గుకి నిప్పురవ్వ వోల్టేజీ ఇచ్చేది) పోయిందని కాదు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) సిలిండర్ లోపలికి తొంగిచూడలేదు. ఒక్కో సిలిండర్ మండినప్పుడు క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) ఎంత వేగం అందుకోవాలో దానికి తెలుసు, అంత అందుకోకపోతే మిస్సింగ్ అని లెక్క రాసుకుంటుంది. అందుకే కొన్ని బండ్లలో క్లచ్, ఫ్లైవీల్ లేదా క్రాంక్ సెన్సార్ మార్చాక అడాప్టేషన్ (కొత్త పార్టుని ఈసీయూకి మళ్ళీ నేర్పించడం) చెయ్యకుండా వదిలేస్తే, ఇంజిన్ నిక్షేపంగా ఉన్నా కోడ్ పడుతుంది. పీ0300 వస్తే ఏ సిలిండరో కూడా చెప్పలేదన్నమాట. అప్పుడు అన్ని సిలిండర్లకీ ఉమ్మడిగా ఉండే గాలి, పెట్రోలు ప్రెషర్, టైమింగ్, ఎర్త్ వైర్ల వైపు ముందు చూస్తాం.

ఒక విన్నపం: కోడ్ చెరిపేసి బండి తేకండి, బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టకండి. కోడ్ పడిన క్షణంలో ఆర్పీఎం ఎంత, లోడ్ ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్నది ఈసీయూ దాచుకుంటుంది. చల్లటి ఇంజిన్ ఐడ్లింగులో పడిన కోడ్‌కీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఐదో గేరులో 2,200 ఆర్పీఎం దగ్గర కాలు గట్టిగా నొక్కినప్పుడు పడిన కోడ్‌కీ వెతికే దారులు వేరు. చెరిపేస్తే ఆ ఆధారం పోయి మీ బండి ఇంకో రోజు మా దగ్గర ఆగుతుంది.

ఐడ్లింగులో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే కొట్టుకునే మిస్సింగులో మొదటి అనుమానం ప్లగ్గూ కాయిలే. టర్బో నెట్టిన గాలి వల్ల సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ అదే గ్యాప్ దాటడానికి నిప్పురవ్వకి ఎక్కువ వోల్టేజీ కావాలి. టర్బో లేని ఇంజిన్లలో 1.0 నుంచి 1.1 మి.మీ. గ్యాప్ నడుస్తుంది కానీ, చాలా టర్బో ఇంజిన్లకి 0.7 నుంచి 0.8 మి.మీ. మాత్రమే ఇస్తారు. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగితే కాయిల్ ప్రతిసారీ అదనంగా శ్రమపడుతుంది. చివరికి రవ్వ గ్యాప్ దాటడం మానేసి, కాయిల్ రబ్బరు బూటు చీల్చుకుని ఇంజిన్ హెడ్డులోకి దారి వెతుక్కుంటుంది. ప్లగ్గు పింగాణీ మీద పెన్సిలుతో గీసినట్టు నల్లటి సన్నగీత కనిపిస్తే జరిగింది అదే. అరిగిన ప్లగ్గు మీద కొత్త కాయిల్ పెట్టడం డబ్బు తగలెయ్యడమే, ఆ కాయిల్ కూడా అదే దారి పడుతుంది. ప్లగ్గులు సెట్టుగానే మారుస్తాం. కాయిళ్ళు మాత్రం చెడిందే మారుస్తాం, మిగతావి టెస్టులో బాగుంటే వాటిని మార్చమని మీకు చెప్పం.

కాయిల్ చెడిందని తేల్చడానికి మా దగ్గరున్న మంచి ఉపాయం పాతదే. రెండో సిలిండర్ కాయిల్ తీసి ఒకటోదానికి, ఒకటోది రెండోదానికి వేస్తాం. కోడ్ పీ0301కి మారితే కాయిలే దోషి. మారకపోతే ప్లగ్గులు అటూ ఇటూ మార్చి మళ్ళీ రోడ్డెక్కుతాం. రెండూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు, అందుకే ఒక్కో మార్పుకీ ఒక్కో రోడ్ టెస్ట్. ఇంజిన్ బాగా వేడెక్కాక మాత్రమే మొరాయించే కాయిళ్ళుంటాయి కాబట్టి షెడ్డులో నిలబెట్టి రేజ్ చేసి చూస్తే సరిపోదు. మీ మీటర్లో అదనంగా పడే కిలోమీటర్లు ఇవే.

ప్లగ్గులు చల్లటి ఇంజిన్లోనే విప్పుతాం. వేడి అల్యూమినియం హెడ్డులో విప్పితే మరలు లేచిపోతాయి. 12 మి.మీ. గ్యాస్కెట్ రకం ప్లగ్గుకి సాధారణంగా 15 నుంచి 20 న్యూటన్ మీటర్ల బిగింపు, అదీ టార్క్ రెంచితోనే, పొడిగానే. మరలకి గ్రీజు రాస్తే అదే రీడింగ్ దగ్గర ప్లగ్గు మోతాదు మించి బిగుసుకుంటుంది. ఇరిడియం ప్లగ్గు మొనని గ్యాప్ గేజితో ఎత్తి సరిచేసే అలవాటు ఉన్నచోట మీ బండి ఇవ్వకండి, ఆ మొన ఇట్టే విరుగుతుంది.

ప్లగ్గు గుంటలో ఆయిల్ కనిపిస్తే టాప్ కవర్ గ్యాస్కెట్టో, గుంట చుట్టూ ఉండే సీలో పోయినట్టు. నీళ్ళు కనిపిస్తే ఇంజిన్ మీద ప్రెషర్ గన్ కొట్టించారని అర్థం. దయచేసి అది కొట్టించకండి. సెల్లారులో పార్క్ చేసే బండ్లలో ఎలుకలు ఇంజెక్టర్ వైర్లు కొరకడం మామూలైపోయింది, అందుకే పార్టులు తీసేముందు వైరింగ్ మొత్తం కంటితో చూస్తాం.

ఇక్కడిదాకా తేలకపోతే గాలి, పెట్రోలు లెక్క. ఈసీయూ పెట్రోలు ఎంత శాతం పెంచుకుంటోందో, తగ్గించుకుంటోందో ఫ్యూయల్ ట్రిమ్ చూపిస్తుంది. ఐదు శాతం అటూ ఇటూ ఉంటే పట్టించుకోం. ఐడ్లింగులో ప్లస్ 15 ఉండి 2,500 ఆర్పీఎం దగ్గర మామూలుకొస్తే ఎక్కడో దొంగగాలి లోపలికి వస్తోంది: ఇన్‌టేక్ గ్యాస్కెట్, లేదా చిరిగిన పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వు) డయాఫ్రం. ఐడ్లింగులో ఆయిల్ మూత తియ్యడానికి బలంగా పట్టినట్టు ఉండి, ఈల లాంటి చప్పుడు వస్తుంటే పీసీవీ మీదే అనుమానం. లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే పంపు, ఫిల్టర్ వైపు వెళ్తాం. ఇంటర్‌కూలర్ హోస్ చీలితే ఎయిర్‌ఫ్లో మీటర్ ఉన్న బండ్లలో కొలిచిన గాలి బయటికి పోయి పెట్రోలు ఎక్కువై మిస్సింగ్ వస్తుంది. ప్రెషర్ సెన్సార్‌తో నడిచే బండ్లలో ఎక్కువగా పికప్ పడిపోవడమే కనిపిస్తుంది. స్మోక్ మెషీన్ పెట్టి గొట్టాల్లోకి పొగ వదిలితే ఇవి దాగవు.

ఇందులో ఒక వల ఉంది. మండని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అలాగే సైలెన్సర్లోకి పోతుంది. ఓ2 సెన్సార్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, ట్రిమ్ ప్లస్‌లోకి పోతుంది. కాబట్టి ట్రిమ్ ప్లస్ చూసి ఇంజెక్టర్లు మార్చమన్నవాళ్ళ మాట వెంటనే వినకండి. మిస్సింగ్ వల్ల ట్రిమ్ పెరిగిందా, ట్రిమ్ చూపించే లోపం వల్ల మిస్సింగ్ వచ్చిందా అన్నది ముందు తేలాలి.

ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపింది) గురించి రోజూ అడుగుతున్నారు. ఇథనాల్ పెరిగితే అదే గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి. ఈ10కి గాలి, పెట్రోలు నిష్పత్తి సుమారు 14.1 అయితే ఈ20కి 13.5. అంటే ట్రిమ్ నాలుగు శాతం దాకా పైకి పోవడం సహజం, ఈసీయూ దాన్ని సర్దుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అంతమాత్రానికి మిస్సింగ్ కొట్టదు. నెలల తరబడి కదలని బండి సంగతి వేరు: ట్యాంకులో నీళ్ళు ఎక్కువ చేరితే ఇథనాల్‌తో కలిసి అడుగుకి దిగుతాయి, పంపు పీల్చేది అడుగునుంచే.

డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోలు నేరుగా సిలిండర్లోకి పడే) బండ్లలో రైలు (ఇంజెక్టర్లకి పెట్రోలు అందించే గొట్టం) ప్రెషర్ ఐడ్లింగులోనే పదుల బార్లు, లోడులో 200 బార్లు, కొన్నింట్లో అంతకన్నా ఎక్కువ. ఈసీయూ అడిగిందీ రైల్లో నిజంగా ఉన్నదీ పక్కపక్కన పెట్టి నడుపుతూ చూస్తాం. ఇంజెక్టర్లు కాయిళ్ళలా అటూ ఇటూ మార్చి చూసేవి కావు, తీసిన ప్రతిసారీ టెఫ్లాన్ సీల్ కొత్తది పడాలి. బెంచ్ టెస్ట్ మా దగ్గర లేదు, బయటికి పంపుతాం. ఆ ఖర్చు ముందే చెప్పి, మీరు సరేనన్నాకే విప్పుతాం.

పొద్దున మొదటి స్టార్టులోనే కొట్టుకుని రెండు నిమిషాల్లో సర్దుకునే మిస్సింగులో ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ ఒక ముఖ్య అనుమానం. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి పడే ఇంజిన్లలో వాల్వుల్ని కడిగేది ఏదీ ఉండదు. ట్యాంకులో పోసే సీసా మందు ఆ వాల్వులదాకా చేరదు, మేం అమ్మం. కెమెరా పెట్టి చూపిస్తాం, పొర మందంగా ఉంటే వాల్‌నట్ బ్లాస్టింగ్ (అక్రోటు పెంకుల పొడి కొట్టి శుభ్రం చెయ్యడం) చేసే చోటికి పంపుతాం.

అన్నీ బాగుండి ఒకే సిలిండర్ మొండికేస్తే కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చూస్తాం. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కొలుస్తాం. సిలిండర్ల మధ్య 15 శాతం మించి తేడా ఉంటే లీక్‌డౌన్ టెస్ట్, అంటే సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎటు పోతోందో చూడడం. గాలి ఎయిర్ ఫిల్టర్ వైపు బుసకొడితే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూతలో అయితే రింగులు, కూలెంట్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. ఇది అరుదు. పై గేరులో 1,500 ఆర్పీఎం దగ్గర ఫుల్ థ్రాటిల్ తొక్కే అలవాటున్న బండ్లలో పిస్టన్ దెబ్బతిన్నదేమో కూడా చూస్తాం. ఆ పరిస్థితిలో స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకోవచ్చు. కంపెనీ చెప్పిన గ్రేడులో ఏపీఐ ఎస్పీ ప్రమాణం ఉన్న ఆయిల్ వాడమని మేం అడగడానికి కారణం అదే.

చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా నడుపుకుంటూ రండి. మిణుకుమిణుకుమంటే కాలు తీసి, పక్కకి ఆపి, టోయింగ్ పిలవండి. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్లో అంటుకుని లోపలి పింగాణీని కరిగిస్తుంది, దాని ఖరీదు ముందు మా ఛార్జీ లెక్కలోది కాదు. కంపెనీ వారంటీ మిగిలి ఉంటే ముందు అక్కడికే వెళ్ళండి, మా దగ్గర విప్పితే క్లెయిమ్‌కి ఇబ్బంది రావచ్చు. రీమ్యాప్ (పవర్ పెరగడానికి ఈసీయూ సెట్టింగులు మార్చడం) చేయించి ఉంటే దాచకండి, ప్లగ్గు రకం, గ్యాప్ రెండూ దాన్నిబట్టి మారతాయి.

చల్లటి స్టార్టులో మిస్సింగ్ వచ్చే బండ్లు ముందురోజు సాయంత్రం ఆరులోపు వదిలి తాళం ఇచ్చి వెళ్ళండి. పొద్దున నడుపుకుంటూ తెస్తే ఆ రోజుకి చూడ్డానికేమీ మిగలదు.